ఉల్లిగంపలో నర్గిస్ గడ్డ

దసరా పోయి వారం తిరగలేదు, మా మనుమరాలి పేరున ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పితే లోపల రంపపుపొట్టు, ఆ పొట్టులో ఒక వలసంచి, సంచిలో గోధుమరంగు పొరలు కట్టుకున్న నాలుగైదు గడ్డలు. "ఉల్లిగడ్డలు గూడ పెట్టెల వెట్టి పంపుతున్నరా ఇప్పుడు?" అన్నాను. "ఉల్లిగడ్డలు కావు నానమ్మా, పూలగడ్డలు. ఇప్పుడు పెడితే చలి ముదిరేటప్పటికి పూస్తయ్" అంది. ఎంత పెట్టి కొన్నావే అని అడిగితే వినపడనట్టు ఫోను చూసుకుంది. అంటే నేను వినకూడనంత పెట్టిందన్నమాట. సరే, పెట్టె మడిచి దాస్తే దేనికైనా పనికొస్తుంది, పొట్టు కుండీల్లోకి పోతుంది, కొంతైనా పూడుతుందని లెక్క వేసుకుంటున్నాను. అంతలో ఆ పిల్ల సంచి ముడి విప్పలేక కత్తి తెచ్చింది. తాడు మీద పెట్టిన కత్తి జారి ఒక గడ్డ మెడ దాకా పోయింది. "కత్తి తియ్!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, హైవే మీద లారీల మోతకు అలవాటు పడ్డ ఇల్లు కూడా ఉలిక్కిపడింది. "ఏమైంది నానమ్మా, చెయ్యి తెగలే" అంది పిల్ల. చెయ్యి తెగితే మానుతుంది, దాని గురించి ఎవరు అరుస్తారు? ముడి నేనే గోటితో విప్పాను. వలసంచి గిన్నెలు తోమడానికి తీసి పెట్టాను. పిల్ల ఇంకా నా మొహమే చూస్తోంది. ఆ అరుపు నాది కాదు, మా అత్తమ్మది. నిలబడి ఒక్క మాటలో చెప్పేది కాదు కనుక కూర్చుని రాస్తున్నాను.

నాకు తొంభై దాటాయి గాని, నేను పెద్దగా చదివినదాన్ని కాను. మాది రాయికోడ్ దిక్కు పల్లె. పంతులుగారి అరుగు మీద ఇసుకలో అక్షరాలు దిద్దాను. గుణింతాలు అయిపోయి, చిన్న చిన్న మాటలు కూడబలుక్కోవడం వచ్చేసరికి పిల్ల ఎదిగిందని ఇంట్లో కూర్చోబెట్టారు. మిగతా చదువంతా పెళ్ళయి జహీరాబాద్ వచ్చాక మా అత్తమ్మ చెప్పింది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. అయినా ఆమె బడిలో సెలవులుండేవి కావు. ఆమె పాఠాలన్నీ పారేయకూడని వాటి గురించే. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, పొయ్యి బూడిద గిన్నెలకు, చినిగిన చీర బొంతకు, బొంత కూడా చినిగితే మసిగుడ్డకు, మసిగుడ్డ దేనికీ పనికిరాకపోతే దూడ కట్టే తాడులో పేనడానికి. అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. ఊళ్ళో ఘాసలేటు, అంటే కిరసనాయిలు, దొరకడం లేదని, గుడ్డ దొరకడం లేదని అందరూ మొత్తుకునేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం కొత్తగా వచ్చిన కరువేమీ కనిపించలేదు. మేము ముందునుంచే అట్లా బతుకుతున్నాం.

అత్తమ్మకు చుట్టుపక్కల పేరు తెచ్చింది ఉల్లి విత్తనం. న్యాల్‌కల్ దిక్కునుంచి కూడా బండ్ల మీద వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. ఉల్లి గింజ కావాలంటే ముందు ఉల్లిగడ్డను దాచాలి. బాగా ఎండిన మంచి గడ్డల్ని ఏరి, పొయ్యి మీద పొగ తగిలే చోట ఉట్టిలో వేలాడదీసేది. ఎండాకాలం, వానాకాలం అవి అక్కడే ఉండేవి. వానలు వెనకబట్టి పొద్దున పూట చలి మొదలవగానే దించి, కత్తిపీట ముందు వేసుకుని కూర్చునేది. ఒక్కొక్క గడ్డకు తల కోసేది. పైపైన కాదు, భుజాల దాకా. కోసిన చోట బూడిద అద్ది మట్టిలో పెట్టేది. తల ఉన్న గడ్డ పొరలు చీల్చుకుని రావడానికి తిప్పలు పడుతుందట. తల తీస్తే నాలుగు మొలకలు ఒక్కసారి బయటపడతాయి. చలి పోయేనాటికి నడుమెత్తు కాడలు లేచి, ఒక్కొక్క కాడ చివర తెల్లటి గుండ్రటి పూలచెండు. ఆ చెండు ఎండితే నల్లటి గింజ. తల్లిగడ్డలు ఏరేటప్పుడు వంకరగా ఉన్నవి, మెత్తబడ్డవి, రెండు గడ్డలు అతుక్కుని ఒకటైనవి పక్కకు వేసేది. అవి వంటింటి గంపలోకి, అక్కడినుంచి మా కడుపుల్లోకి పోయేవి. మంచి ఉల్లిగడ్డ అంటే ఎట్లా ఉంటుందో కూర తినేవాళ్ళకు ఆ ఇంట్లో తెలిసేది కాదు.

మా పెరటికి, పక్కింటి పెరటికి నడుమ ఒక గోడ, గోడలో ఒక చిన్న దిడ్డితలుపు ఉండేవి. పక్కిల్లు కచేరీలో పనిచేసే పేష్కార్ సాబుది. ఆయన భార్యను నేను ఖాలా, అంటే చిన్నమ్మ, అనేదాన్ని. ఆమె పరదాలో ఉండే మనిషి కనుక వీధి ముఖం చూసేది కాదు. ఆమెకు బజారు, పేట, పత్రిక అన్నీ ఆ దిడ్డే. మధ్యాహ్నం పనులయ్యాక దిడ్డి తెరుచుకునేది. గడపరాయికి ఆ వైపు ఖాలా, ఈ వైపు అత్తమ్మ పీటలు వేసుకుని కూర్చునేవాళ్ళు. గడప మీదుగా మా పచ్చిజొన్న కంకులు అటు పోయేవి, వాళ్ళ ఎండుఖర్జూరాలు ఇటు వచ్చేవి. కష్టసుఖాలైతే రెండు వైపులా పోయి వచ్చేవి. కానీ అత్తమ్మ మాత్రం ఎన్నడూ ఆ గడప దాటి అవతల కాలు పెట్టలేదు. మడి అనుకోండి, మొండితనం అనుకోండి, ఆమె దగ్గర ఆ రెండూ ఒకే పెట్టెలో ఉండేవి. ఖాలా కూడా రమ్మని పిలిచి ఇబ్బంది పెట్టలేదు. అత్తమ్మను 'పటేలమ్మా' అనేది, నన్ను మాత్రం 'దుల్హన్' అని, అంటే కొత్త పెళ్ళికూతురని పిలిచేది. పెళ్ళయి ఎన్నేళ్ళు గడిచినా ఆమెకు నేను దుల్హన్‌నే.

వాళ్ళ బావి పక్కన ఒక చిన్న మడిలో నర్గిస్ మొక్కలుండేవి. పూస్తే తెల్లటి రేకులు, నడుమ పసుపురంగు చిన్న గిన్నె, వాసన దిడ్డి దాటి మా బర్రెల కొట్టం దాకా వచ్చేది. అవి ఖాలా పుట్టింటివి. పుట్టిల్లు బీదర్. వాళ్ళమ్మ తన చేత్తో పెంచిన గడ్డలు. పెళ్ళప్పుడు కొన్నింటిని కొంగున కట్టి పంపిందట. తర్వాత ఆ తల్లి పోయింది, ఖాలా అన్నదమ్ములు ఆ పెరట్లో గదులు కట్టుకున్నారు. ఆమె చేతి నర్గిస్ ఇంక ఎక్కడైనా ఉందంటే ఈ బావి పక్కనే. ఖాలా తండ్రికి చూపు పోయింది. చలికాలంలో బస్సెక్కి కూతురింటికి వచ్చి కొన్నాళ్ళుండేవాడు. మడి పక్కన మంచం వేయించుకుని, ఎండలో కూర్చుని ఆ వాసన చూసుకుంటూ గడిపేవాడు. అయితే రెండు చలికాలాలు వరుసగా ఆ మడి పూయలేదు. ఆకులు మాత్రం వెల్లుల్లి మడిలాగా దట్టంగా వచ్చాయి.

ఆయన తిరిగి వెళ్ళిన మర్నాడు ఖాలా దిడ్డి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "అబ్బాజాన్ దినాం అడిగిండు పటేలమ్మా. 'బేటీ, నర్గిస్ ఏమంటున్నది?' అంటడు. రేపు పూస్తది, ఎల్లుండి పూస్తది అనుకుంట ఎల్లదీసిన. బస్సెక్కేటప్పుడు 'పోనీ తియ్, వచ్చేసారి చూద్దాం, నేనుంటే' అన్నడు. ఆ 'నేనుంటే' అన్న మాట నాకు ముల్లోలె గుచ్చుకున్నది."

అత్తమ్మ ఓదార్చే మనిషి కాదు. మెడ చాచి గడప మీదుగా మడి వైపు చూసింది. "నీళ్ళు ఎప్పుడెప్పుడు పోస్తవ్?"

"దినాం పోస్త. ఎండకాలం గూడ ఇడువ."

"గదే దాన్ని సంపుతున్నది. ఎండకాలం గడ్డ ఎండాలె బీబీ. పచ్చిగ పండుకుంటే పువ్వెట్ల కడతది? ఆకు పండినంక తవ్వి నాకియ్. నా ఉట్టిల కడత."

"ఇది ఉల్లి కాదు గద పటేలమ్మా, పువ్వు."

"ఉల్లి గూడ పూస్తది గద! గడ్డ గడ్డనే. నా ఉట్టిల ఎండిన గడ్డ పూయకుంటే నన్నడుగు. నీ అయ్యకు చెప్పంపు, వచ్చే చలికి పూలుంటయని."

అత్తమ్మ మాటంటే అది. ఆమె 'చూద్దాం' అనగా నేను ఎన్నడూ వినలేదు. ఖాలా బీదర్‌కు పోయే వాళ్ళతో ఆ మాటే చెప్పంపింది. ఎండలు ముదిరాక గడ్డలు తవ్వి, మట్టి దులిపి, ఓ పాత దుపట్టాలో కట్టి గడప మీద పెట్టింది. మా వంటింట్లో ఉల్లి ఉట్టి పక్కన ఇంకో ఉట్టి వెలిసింది. దాని కిందే నేను రోజూ జొన్నరొట్టెలు కాల్చేదాన్ని. పొగకు నా కళ్ళు ఎంత మండినా, పైన గడ్డలకు ఏం ఫికర్ లేదు. వానలు మొదలయ్యాయి, కురిశాయి, వెనకబట్టాయి. ఖాలా మధ్యమధ్య గడపరాయి మీద కూర్చుని "నా గడ్డలెట్లున్నయ్?" అని అడిగేది, పుట్టింట్లో ఉంచిన పిల్లల్ని అడిగినట్టు. "నాకంటె సుఖంగున్నయ్" అనేదాన్ని నేను.

చలి గాలి మొదలైన ఒక పొద్దున అత్తమ్మ రెండు ఉట్లూ దించింది. ముందు ఉల్లి పని ముగించింది. తర్వాత కత్తిపీట తుడిచి నర్గిస్ గడ్డల్ని చాటలో పోసుకుంది. అలవాటు ప్రకారం ఏరింది. అన్నీ బాగున్నాయి, ఒకటి మాత్రం వంకరగా, రెండు తలలతో ఉంది. దాన్ని ఒక చూపు చూసి వంటింటి గంపలోకి విసిరింది. ఇది ఖాలా గడ్డ, గంపలోకి పోకూడదన్న ఆలోచన ఆమెకు రాలేదు. వంకరది కనిపిస్తే ఆమె చెయ్యి ఎన్నో ఏళ్ళుగా అటే విసురుతోంది. తర్వాత ఒక్కొక్క గడ్డకు తల తీయడం మొదలుపెట్టింది. భుజాల దాకా, బూడిద అద్ది, పక్కన వరసగా. కత్తిపీట మీద ఆమె కోస్తుంటే ఒక తాళముండేది. చప్పుడు వింటే చాలు, పని ఎంత వరకు వచ్చిందో వంటింట్లోంచే చెప్పొచ్చు. నేను ఆ పూట పచ్చిపులుసుకు చింతపండు పిసికి, గంపలోంచి చేతికందిన గడ్డ తీసి, పై పొర ఊడదీస్తున్నాను. ఇదేమిటి ఉల్లి ఘాటు లేదు, ముసలిదైపోయిందేమో అనుకున్నాను. అప్పుడు కత్తిపీట తాళం ఆగిపోయింది.

గడ్డ ఒక చేత, కత్తి ఒక చేత పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూశాను. అత్తమ్మ కోసిన తలను అరచేతిలో బోర్లించి వెలుతురుకు పట్టి చూస్తోంది. "పిల్లా, గిది చూడు" అంది. వంగి చూశాను. పొరల నడిమధ్య, ఎవరో దాచిపెట్టినట్టు, సన్నటి పొరలో చుట్టిన మొగ్గ ఉంది. కత్తి దాన్ని సగానికి తెగ్గోసింది. అత్తమ్మ ఆ పొరను గోటితో విప్పింది. లోపల ఆవగింజలంత పూమొగ్గలు, లేత ఆకుపచ్చగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఇంకో తల తీసి చూసింది, దాంట్లోనూ అంతే. కోసినవన్నీ చూసింది. అన్నింట్లోనూ పువ్వు తయారై కూర్చుంది, అన్నింట్లోనూ తెగి ఉంది. ఉల్లిలో అట్లా ఉండదు. ఉల్లి మట్టిలో పడి చలి తగిలాక అప్పుడు పువ్వు సంగతి ఆలోచించుకుంటుంది. ఇవి ఉట్టిలో ఎండుతూనే పువ్వు కట్టుకున్నాయి. ఎండాకాలం ఎండాలని చెప్పింది అత్తమ్మే, ఆ మాట నిజమే అయింది. రెండేళ్ళు పూయనివాటికి పువ్వు పుట్టించింది ఆమె, దాన్ని కోసిందీ ఆమే.

తెగిన తలల్ని ఒక్కొక్కటే చాటలోకి చేర్చింది. ఉన్నట్టుండి తలెత్తి, "ఒకటి తీసేసిన గద, వంకరది. గంపల..." అంటూ నా చేతుల వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. పై పొర ఊడిన గడ్డ, రెండు తలలు, మెడ మీద నా కత్తి.

"కత్తి తియ్!"

ఆ అరుపు నేను ఇప్పటికీ మరవలేదని మొన్నే తెలిసింది. కత్తి నా చేతిలోంచి దానంతట అదే పడిపోయింది. అత్తమ్మ లేచి వచ్చి ఆ గడ్డను రెండు చేతులా తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. పై పొర పోవడం తప్ప దానికేమీ కాలేదు. ఆ గడ్డ పచ్చిపులుసులో పడి ఉంటే ఇంటిల్లిపాదీ వాంతులతో దవాఖానకు పోయేవాళ్ళమని తర్వాత ఖాలా చెప్పింది. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. తెలిసినా అత్తమ్మ అరిచింది మా కోసం కాదు.

ఆమె ఆ తర్వాత చేసిన పని నేను ఊహించలేదు. దిడ్డి తీసి ఖాలాను పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. కోసిన గడ్డలు, తెగిన తలలు అన్నీ చాటలో పెట్టుకుని, వంకర గడ్డను కొంగులో వేసుకుని, దిడ్డి తీసి గడపరాయి దాటింది. నేను ఈ వైపే నిలబడిపోయాను. వాళ్ళ పెరట్లో ఖాలా పప్పు చెరుగుతోంది. తన పెరట్లో నిలబడ్డ అత్తమ్మను చూసి, ఏదో పెద్ద ఆపద వచ్చిందనుకుని చెరిగే చాట వదిలేసి లేచింది. "బీబీ, నీ పూలు నేనే కోసిన" అంది అత్తమ్మ. చాట ముందుకు చాచింది. ఇంకొక మాట కలపలేదు. తెలియక అని గాని, ఉల్లి అనుకుని గాని అనలేదు.

ఖాలా అరుస్తుందేమో అనుకున్నాను, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె ఒక తెగిన తల తీసుకుని లోపలి మొగ్గను వేలికొనతో తాకింది. "ఇప్పుడే ఉన్నదా పటేలమ్మా, లోపల?" అంది. "ఇన్నేండ్ల సంది పెంచుతున్న, నాకెర్క లేదు. చలి రావాలె, పువ్వు రావాలె అనుకుంట కూసున్న. ఇది ఎప్పుడో వచ్చి కూసున్నది." కళ్ళలో నీళ్ళు అప్పుడు తిరిగాయి. "అబ్బాజాన్‌కు ఏమని చెప్పాలె ఇగ?"

అత్తమ్మ కొంగు విప్పి వంకర గడ్డను చూపించింది. "ఇదొక్కటి బతికింది. నువ్వు పెట్టుకో. నాకు ముట్టే ముఖం లేదు."

ఖాలా గడ్డను చూసింది, అత్తమ్మను చూసింది. "నా చేతిల రెండేండ్లు పూయలే. నీ ఉట్టిల పువ్వు కట్టింది. నువ్వే పెట్టు. కాకపోతే పటేలమ్మా, జర కత్తిపీట దూరం పెట్టు" అంది. అత్తమ్మ మొహంలో నవ్వు లేదు గాని, వంగిన మెడ కొంచెం లేచింది. వెళ్ళేముందు కోసిన గడ్డల్ని కూడా బావి పక్క మడిలోనే పెట్టి వచ్చింది. పారేయడం ఆమె చేత కాదు కదా.

వంకర గడ్డను ఒక పాత కుండలో పెట్టి, మంచినీళ్ళ కుండల పక్కన, ఎప్పుడూ చల్లగా ఉండే చోట ఉంచింది. ఆ పక్కనే ఉల్లిగంప. రోజూ పొద్దున మొహం కడుక్కోకముందే పోయి ఆ కుండను చూసేది. ఉల్లి మడి ఎట్లా ఉందో చూసే పని ఆ ఏడు నామీద పడింది. ఆకులు వచ్చాయి. ఆకుల మీద ఆకులు వచ్చాయి. చలి ముదిరి బర్రెలకు గోనెపట్టాలు కప్పే రోజుల్లో బీదర్ బస్సులో పెద్దాయన వచ్చాడు. ఆయన ఒకప్పుడు మన తాలూకాల్లో ఉద్యోగం చేసినవాడు, తెలుగు బాగానే మాట్లాడేవాడు. దిగీ దిగగానే "బేటీ, నర్గిస్ ఏమంటున్నది?" అన్నాడట. ఖాలా దిడ్డి దగ్గరికి వచ్చి "ఏమంటున్నది పటేలమ్మా?" అని అదే మాట అత్తమ్మను అడిగింది. "వస్తున్న అంటున్నది" అంది అత్తమ్మ. అప్పటికి కాడ జాడ కూడా లేదు. ఆమె అబద్ధమాడుతోందని నేను అనుకున్నది ఆ ఒక్కసారే. అయితే అది అబద్ధం కాదని ఆమెకు తెలుసు, మాకు తెలియదు.

కాడ వచ్చింది. ఆకుల నడుమ నుంచి, కొంచెం చదునుగా, చివర సన్నటి పొరలో కట్టిన మొగ్గతో లేచింది. లేచి, అక్కడే ఆగింది. పెద్దాయన తిరిగి పోవలసిన రోజు దగ్గరపడింది. ఆయన కొడుకు కబురు మీద కబురు పంపుతున్నాడు. ఖాలా ఓపిక పట్టలేక కుండ దగ్గర కూర్చుని "ఆ పొర జర చీలుస్త పటేలమ్మా, లోపల పువ్వున్నది గద, బయటికొస్తది" అంటూ గోరు పెట్టబోయింది. "చెయ్యి తియ్ బీబీ! ఒక్కపారి నేను తొందరపడితే ఏమైందో చూసినవ్. రెండోపారి నువ్వు పడకు" అని గద్దించింది అత్తమ్మ. ఉల్లి తలలు కోసి కాలాన్ని ముందుకు జరిపే మనిషి నోట ఆ మాట విని నేను పొయ్యి ఊదడం ఆపేశాను.

మర్నాడు వాళ్ళింటి ముందు జట్కా ఆగిన చప్పుడైంది. పెద్దాయన బస్సుకు బయలుదేరుతున్నాడు. అత్తమ్మ దిడ్డి వరకు పోయింది. పరాయి మగవాళ్ళతో ఎన్నడూ మాట్లాడని మనిషి తలుపు చాటున నిలబడి, గొంతు పెంచి అంది: "పెద్దాయనా, జర రెండొద్దులు ఆగున్రి. నేను మాట ఇచ్చిన. మాట ఇంకా కుండలనే ఉన్నది."

అవతలనుంచి ముసలి నవ్వు వినిపించింది. "నీ ఉల్లిగింజ నాలుగూళ్ళల్ల మొలుస్తదంటరు పటేలమ్మా. నీ మాట మొలవదా? ఆగుత. జట్కా ఆయనకు చాయ్ పోసి పంపున్రి" అన్నాడు.

ఆయన ఆగిన రెండోనాడు పొద్దున పొర దానంతట అదే చీలింది. ఒక పువ్వు విచ్చింది, మిగతావి తల వంచుకుని వరస కట్టాయి. అత్తమ్మ కుండను నా నెత్తికెత్తలేదు, ఖాలాకు అందివ్వలేదు. తానే చంకన పెట్టుకుని గడప దాటింది. నేనూ ఆమె వెనకే ఆ గడప దాటాను. పెద్దాయన ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఖాలా కుండను ఆయన ఒడి దగ్గర పెట్టి చేతిని పువ్వు దాకా తీసుకుపోయింది. ఆయన వంగాడు. ఊపిరి పీల్చాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకోసారి పీల్చాడు. "ఉల్లిగడ్డ వాసనొస్తున్నది" అన్నాడు.

అత్తమ్మ మొహం నల్లబడింది. గంపలో పడ్డ గడ్డ, ఉల్లిగంప పక్కన పెరిగిన కుండ, రాకుండా ఎట్లా ఉంటుంది? ఖాలా ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పువ్వు మీదనుంచి మొహం తీయలేదు. "మీ అమ్మ చేతులు గిట్లనే ఉండేటియి" అన్నాడు మెల్లగా. "వంటింట్లకెళ్ళి ఉరుక్కుంట వచ్చి, చేతులు కడుక్కోకుండనే పువ్వు తెంపి నా ముక్కు కాడ పెట్టేది. పువ్వు వాసన, ఉల్లిగడ్డ వాసన, రెండూ కలిసి. ఇన్నేండ్లు నర్గిస్ వాసన చూస్తున్న గాని, ఏదో తక్కువైంది, ఏదో తక్కువైంది అనుకునేటోన్ని. ఇదే తక్కువైంది." పూసిన పువ్వు, ఇంకా పూయని మొగ్గలు ఆయన ఒళ్ళో ఉన్నాయి. అత్తమ్మ ఖాలా వేసిన పీట మీద కూర్చుంది. ఖాలా ఇచ్చిన నీళ్ళు తాగింది.

ఆ వచ్చే చలికాలానికి ఆయన లేడు. తల తెగిన గడ్డలు ఆ ఏడూ పూయలేదు, మరుసటి ఏడూ పూయలేదు. గడ్డిపోచల్లాంటి ఆకులు వచ్చి పోయాయి. అయినా అత్తమ్మ ప్రతి ఎండాకాలం వాటిని తవ్వించి ఉట్టిలో కట్టేది. ఒకసారి తవ్వి చూస్తే ఒక్కొక్క గడ్డ చుట్టూ వెల్లుల్లి రెబ్బల్లా పిల్లలు పుట్టి ఉన్నాయి. నడిమి పువ్వు తెగితే గడ్డ పక్కలనుంచి పిల్లలు పెట్టింది. ఆ పిల్లలు పెరిగి పెద్దవై, కొన్నేళ్ళకు ఒక చలికాలం బావి పక్క మడి, గోడ ఇవతల మా ఉల్లి మడి గట్టు, దిడ్డి రెండు వైపులా తెల్లగా పూశాయి. వాసనకు బర్రెలు కూడా తల తిప్పేవి. చుట్టుపక్కల ఆడవాళ్ళు తమ పూలగడ్డలు తెచ్చి "పటేలమ్మా, జర వీటి తలలు గూడ కొయ్యి, పిల్లలు పెడతయంట" అని బతిమాలేవాళ్ళు. "పోన్రి, పోన్రి. నేను కోసేది ఉల్లి ఒక్కటే" అని తరిమేది. ఆ పేరు ఆమెకు వద్దు. పూలు విరగబూసిన ఆ ఏడు ఖాలా గడపరాయి మీద కూర్చుని "ఇయన్నీ అబ్బాజాన్ ఉన్నప్పుడు పూస్తే..." అని మొదలుపెట్టి ఆపింది. అత్తమ్మ మడి వైపు చూసి, "ఆయన చూసింది చాలు. గివి మనకు" అంది.

ఆ గోడ, దిడ్డి, బావి రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. అంతకు ముందే గడ్డల్ని అడిగినవాళ్ళందరికీ పంచాను, ఊరికే ఇచ్చానని ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మొన్న మనుమరాలు పెట్టెలో తెప్పించిన గడ్డల్ని కుండీల్లో నేనే పెట్టాను, తలలు చెక్కుచెదరకుండా. పిల్ల కుండీ ముందు గొంతుక్కూర్చుని "నిజంగ పూస్తయా నానమ్మా? జనవరి దాకా ఎట్ల ఆగాలె?" అంది. "ఆగేది నువ్వు. అది కాదు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నా వయసుకు వచ్చేలోపు అవుతుంది. నాకైతే ఏ ఫికరూ లేదు. చలి ముదిరేనాటికి నేనుంటానో ఉండనో చెప్పలేను గాని, పువ్వు మాత్రం ఇప్పటికే ఉంది.